పారాడిసెక్‌లో నఫ్సాన్ భాష: గంజాం తీరంలో మాట రికార్డు చేసేవాళ్ళకి ఎంత పనికొస్తుంది

ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య నది మొగ దాకా ఉన్న వాడబలిజ మత్స్యకారుల ఊళ్ళల్లో ఇంటి మాట తెలుగు, బడి చదువు ఒడియా, బరంపురం బజార్లో రెండూ కలిసి నడుస్తాయి. వలల పేర్లు, గాలుల పేర్లు, తెప్ప కట్టే తీరు తాతలకి వచ్చినంతగా మనవలకి రావు. వాటిని పట్టి ఉంచుదామని ఫోన్లలో రికార్డు చేసేవాళ్ళు లేకపోలేదు. ఆ రికార్డులు రెండు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, ఫోను మారిన రోజున పోతాయి. ఇదే పని ఒక పద్ధతిలో చేస్తే ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎలా నిలబడుతుందో కళ్ళారా చూడాలంటే తెరవాల్సిన చోటు పారాడిసెక్. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు కొన్ని కలిసి 2003లో పెట్టిన ధ్వని భాండాగారం ఇది. పసిఫిక్ దీవులు, వాటి చుట్టుపక్కల ప్రాంతాల భాషలు, పాటలు, కథల రికార్డులు ఇందులో దాస్తారు. 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి కార్యక్రమపు ఆస్ట్రేలియా జాబితాలో దీన్ని చేర్చారు. వినడానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇందులో ఉన్నవన్నీ తిరగేయబోతే తల తిరుగుతుంది. ఒక్క సంకలనం పట్టుకోండి చాలు. ఎన్‌టీ1 అనే గుర్తుతో ఉన్న దక్షిణ ఎఫాటే భాష సంకలనం. ఆ భాషకి నఫ్సాన్ అని కూడా పేరు.

నఫ్సాన్ మాట్లాడేవాళ్ళు సుమారు ఆరు వేల మంది. వనువాటు దేశంలో ఎఫాటే దీవి దక్షిణ తీరాన పాంగో, ఎరాకోర్, ఎరటాప్, ఇంకాస్త తూర్పుగా ఎటోన్ వాళ్ళ ఊళ్ళు. ఇది ఆస్ట్రోనేషియన్ కుటుంబపు భాష. ఆ కుటుంబం మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా, తైవాన్ నుంచి న్యూజిలాండ్ దాకా పరుచుకుని ఉంది, సుమారు 1200 భాషలు. మలయ్, జావనీస్ లాంటి కోట్ల మంది భాషలూ అందులోవే, నఫ్సాన్ లాంటి నాలుగూళ్ళ భాషలూ అందులోవే. వనువాటులో మూడు లక్షల చిల్లర జనానికి నూటికి పైగా స్థానిక భాషలు ఉన్నాయి. అందరికీ కలిసే మాట బిస్లామా.

గంజాం వాళ్ళు ఈ సంకలనాన్నే ఎందుకు చూడాలంటే, అక్కడి పరిస్థితి మనకి బాగా తెలిసినదే. ఎరాకోర్, పాంగో ఊళ్ళు రాజధాని పోర్ట్ విలాకి ఆనుకుని ఉన్నాయి. బరంపురానికి గోపాల్‌పూర్ ఉన్నంత దూరం కూడా ఉండదు. పొద్దున లేచి పట్నంలో పనికి వెళ్ళేవాళ్ళు, పట్నంలో బిస్లామా, ఆఫీసుల్లో ఇంగ్లీషు, ఫ్రెంచి. సొంత మాట ఇంటికీ ఊరికీ పరిమితం. భాష చచ్చిపోయే దశలో ఏమీ లేదు. పిల్లలు మాట్లాడుతూనే ఉన్నారు. పాత పని మాటలు, పాత కథల మాటలు మాత్రం పెద్దవాళ్ళ దగ్గరే మిగులుతున్నాయి. మన తీరంలో తెలుగుదీ సరిగ్గా ఇదే దశ. రాష్ట్రం దాటితే కోట్ల మంది మాట్లాడే భాషే, ఈ ఊళ్ళల్లో సముద్రం పని తెలుగు మాత్రం చిన్న భాషే.

ఈ రికార్డులు చేసినవారు నిక్ థీబర్గర్ అనే భాషాశాస్త్రవేత్త. పారాడిసెక్ నిలబెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. 1990లలో మొదలుపెట్టి ఊళ్ళో వాళ్ళ కథలు, ఊరి చరిత్రలు టేపుల మీద ఎక్కించారు. 2006లో అచ్చయిన ఆయన నఫ్సాన్ వ్యాకరణానికి ధ్వనితో కూడిన డీవీడీ జతచేశారు. ఉదాహరణ వాక్యం పక్కన అది ఏ రికార్డులో, ఏ సెకనులో ఉందో రాసి ఉంటుంది. పుస్తకంలో వాక్యం చదివి, అదే వాక్యాన్ని చెప్పిన మనిషి గొంతులో వినొచ్చు. మా దృష్టిలో ఈ సేవ మొత్తానికి ఆయువుపట్టు ఇదే. నిఘంటువులో ఒక మాట పక్కన అర్థం రాసేస్తే రాసినవాడి మాట నమ్మాల్సిందే. అదే మాట ఏ టేపులో ఎన్నో నిమిషంలో ఉందో రాస్తే ఎవరైనా సరిచూసుకోవచ్చు, రాసినవాడు తప్పు విని ఉంటే ఊరివాళ్ళే దిద్దొచ్చు.

వాడే పద్ధతి ఇది. కాటలాగ్ ఇంగ్లీషులోనే ఉంటుంది, తెలుగులో టైపు చేస్తే ఏమీ రాదు. ముందు ఖాతా తెరవాలి, అది ఉచితం. వాడుక షరతులకి ఒప్పుకోవాలి. తర్వాత భాష పేరుతో గానీ, మూడక్షరాల అంతర్జాతీయ కోడ్‌తో గానీ వెతకాలి. దక్షిణ ఎఫాటే కోడ్ ఈఆర్‌కే, ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. తెలుగు కోడ్ టీఈఎల్. పేరు కన్నా కోడ్ నమ్మకమైన దారి, ఎందుకంటే ఒకే భాషని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో నమోదు చేసి ఉంటారు. నఫ్సాన్ అని వెతికితే కొన్ని, సౌత్ ఎఫాటే అని వెతికితే కొన్ని తగులుతాయి.

ఫైలు పేరు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. మూడు ముక్కలు, మధ్యలో అడ్డగీతలు. మొదటిది సంకలనం గుర్తు, రెండోది అంశం సంఖ్య, మూడోది ఆ అంశంలో ఏ ఫైలో చెప్పేది. టేపు నుంచి ఎక్కించినవైతే చివరి ఏ, బీ అక్షరాలు టేపుకి ఏ పక్కో చెబుతాయి. పేర్లలో ఖాళీలు ఉండవు, వేరే లిపి ఉండదు. మనవాళ్ళు మాత్రం ఫైలుకి 'తాత పాట కొత్తది 2 ఫైనల్' అని తెలుగులో పేరు పెట్టేస్తారు. ఆ ఫైలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో దానికి, జిప్ చేసి ఇంకొకరికి వెళ్ళేసరికి పేరు ప్రశ్నార్థకాలుగా మారిపోవడం మామూలే. ఊరి గుర్తు, తేదీ, వరస సంఖ్య ఇంగ్లీషు అక్షరాల్లో, అంకెల్లో పెట్టండి. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. అలా పెడితే ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. తెలుగు వివరాలన్నీ ఎక్సెల్ పట్టికలో ఆ పేరు ఎదురుగా రాయండి: చెప్పినవారు, ఊరు, విషయం, మాట్లాడిన భాషలు, ఎవరు వినొచ్చు.

దించుకునేటప్పుడు కొలతలు చూసుకోవాలి. పాత టేపుల్ని భాండాగారం 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా ఎక్కిస్తుంది. స్టీరియో అయితే గంటకి రెండు జీబీ పైనే అవుతుంది. రోజుకి 1.5 జీబీ డేటా ప్యాక్ ఉన్న ఫోనుకి ఒక్క టేపు పట్టదు. వినడానికి ఎంపీ3 ప్రతి చాలు. 128 కేబీపీఎస్ అయితే గంట రికార్డు 58 ఎంబీ. వేవ్ ఫైలు పరిశోధన చేసేవాళ్ళకి, ధ్వనుల్ని కొలిచేవాళ్ళకి.

మాట్లాడినదానికి రాతప్రతి ఉన్న అంశాల్లో ఈఏఎఫ్ అనే ఫైలు కనిపిస్తే అది ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది. ధ్వనికి ఎదురుగా వాక్యం వాక్యం రాసుకునే సాఫ్ట్‌వేర్ అది. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ తయారు చేసింది. ధ్వని ఫైలు, ఈఏఎఫ్ ఫైలు రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి తెరవండి. లేకపోతే ధ్వని ఎక్కడుందో చూపించమని అడుగుతుంది. ఇక్కడ చాలామంది బోల్తా కొట్టేది ఎంపీ3 దగ్గర. బిట్ రేటు మారుతూ ఉండే ఎంపీ3 అయితే వాక్యం హద్దులు కాస్త కాస్త జరుగుతూ పోతాయి, గంట టేపు చివరికి వచ్చేసరికి రాత ఒకచోట, మాట ఒకచోట. ధ్వని అలల బొమ్మ కనిపించాలన్నా వేవ్ ఫైలే పెట్టాలి. ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ3ని వేవ్‌గా మార్చి తెరిస్తే ఈ తిప్పలు తప్పుతాయి. మారిస్తే నాణ్యత పెరగదు, కాలం కొలత మాత్రం నిలకడగా ఉంటుంది.

ఎలాన్‌లో ఒక వాక్యం మీద నొక్కి వినండి. పై వరసలో నఫ్సాన్ వాక్యం, కింద ఇంగ్లీషు అర్థం. ఒకే ముక్క పదిసార్లు వినొచ్చు. నఫ్సాన్‌లో మనకి లేని ధ్వనులు రెండున్నాయి. గొంతు వెనక క, పెదాల దగ్గర ప ఒకేసారి పలికితే వచ్చేది ఒకటి, అదే తీరులో ముక్కుతో పలికేది మరొకటి. రాతలో పీ, ఎమ్ అక్షరాల మీద చిన్న అలగీత పెడతారు. ఈ అలగీతతోనే వెతుకులాటలో చిక్కు వస్తుంది. యూనికోడ్‌లో ఈ రెంటికీ విడి అక్షరం లేదు, మామూలు అక్షరం తర్వాత అలగీతని వేరే గుర్తుగా చేర్చాలి. అది చేర్చకుండా వెతికితే మాట ఉన్నా లేనట్టే చూపిస్తుంది.

తెలుగులో ఈ జబ్బు ఇంకా ముదిరిన రూపంలో ఉంది. బరంపురం, శ్రీకాకుళం డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిన పాటలు, పదాల జాబితాలు చూడటానికి తెలుగే. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. ఫాంటు లేని కంప్యూటర్లో చెత్తగా కనిపిస్తుంది, ఎలాన్‌లో అతికిస్తే పనికిరాదు, వెతికితే దొరకదు. ముందు యూనికోడ్‌కి మార్చి, వత్తులూ పొల్లులూ ఒకసారి కంటితో సరిచూసుకోవాలి. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా తప్పేది అక్కడే. ఎలాన్‌లో ప్రతి వరసకీ ఫాంటు విడిగా ఎంచుకోవచ్చు, నోటో తెలుగు ఫాంటు పెడితే చాలు.

నఫ్సాన్ సంకలనం చూసి మనం కాపీ కొట్టాల్సినవి చెప్పుకుంటే మొదటిది వరసల అమరిక. ఎలాన్‌లో మూడు వరసలు పెట్టుకోండి. మొదటి వరసలో నోటి మాట ఉన్నది ఉన్నట్టు. 'ఎల్తన్నాం' అంటే ఎల్తన్నాం అనే రాయండి, 'వెళ్తున్నాం' అని దిద్దొద్దు. రెండో వరసలో మామూలు రాత తెలుగు. మూడో వరసలో ఒడియా గానీ ఇంగ్లీషు గానీ. ఒడియా పెడితే ఊరి పిల్లలు చదవగలుగుతారు కాబట్టి మా ఓటు ఒడియాకే. మొదటి వరసని దిద్దేస్తే ఈ తీరపు మాట అంతా గుంటూరు పాఠ్యపుస్తకంలా తయారవుతుంది, రికార్డు చేసిన ప్రయోజనమే పోతుంది.

రెండోది, పదాల జాబితాతో సరిపెట్టకపోవడం. నఫ్సాన్ సంకలనం బలమంతా కథలు, పొడుగాటి మాటల్లో ఉంది. మనవాళ్ళు వెళ్ళి 'తాతా, దీన్నేమంటారు? దాన్నేమంటారు?' అని చేప తరవాత చేప అడుగుతారు. వంజరం, చందువ, కానాగంత, నెత్తళ్ళు, సావళ్ళు అని గంటలో వంద పేర్లు వస్తాయి, వాటిలో చాలావరకు ఇప్పటికే నిఘంటువుల్లో ఉన్నవే. అదే 'ఒడ్డు నుంచి పెద్దవల ఎలా లాగుతారో మొదటి నుంచి చెప్పు తాతా' అని వదిలేస్తే తాడు పట్టే వరస, బెండ్లు మునిగే తీరు, ఎవరు ఎటు నిలబడతారు, ఏ కేక ఎప్పుడు వేస్తారు అన్నీ క్రియాపదాలతో సహా వస్తాయి. భాషలో ముందుగా పోయేవి ఆ క్రియలే. రాత్రి వేటలో పిల్లలకోడి (కృత్తికల చుక్కల గుంపు), వేగుచుక్క చూసి పొద్దు లెక్క కట్టడం గురించి అడగండి. పేర్లు దొరుకుతాయి, వాటితో పాటు లెక్క కట్టే మాటలూ దొరుకుతాయి. విడి పదాలు కావాలంటే చివర్లో, ఒక్కో మాట మూడేసి సార్లు చెప్పించండి. మొదటిసారి స్వరం సాధారణంగా ప్రశ్నలా లేస్తుంది, మూడోసారి దించేస్తారు, మధ్యది వాడుకోవచ్చు.

రికార్డింగ్ కొలతలు: వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అయినా సరే. మోనో గంటకి 520 ఎంబీ లోపే. మైకు నోటికి జానెడు దూరంలో. పెద్ద గొంతు వచ్చినప్పుడు మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. సున్నాని తాకి గొంతు చీలితే ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. ఫోనే వాడాల్సి వస్తే ఫార్మాట్ వేవ్‌కి మార్చే రికార్డర్ యాప్ పెట్టుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం చేయకండి. అది పై ధ్వనుల్ని కోసేసి ఫైలుని కుదిస్తుంది, స, శ, ష తేడా ఎగిరిపోతుంది. ఫైలు పంపాలంటే కేబుల్ పెట్టి కాపీ చేయాలి.

ఒడ్డున రికార్డు చేస్తే గాలి ధడధడమని మైకుని కొడుతుంది. బొచ్చు తొడుగు వేస్తే కొంత తగ్గుతుంది, అల చప్పుడు తగ్గదు. ఇంట్లో చేస్తే ఫ్యాను, రేకుల కప్పు కింద ప్రతిధ్వని. ఫ్యాను ఆపి, వెనక గోడకి వల గానీ దుప్పటి గానీ వేలాడదీస్తే గది మెత్తబడుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలు బోటు పని వాళ్ళు ఊళ్ళోనే దొరుకుతారు. మధ్యాహ్నం గాలి లేవకముందే పని ముగించుకోవాలి.

ఇక భాండాగారం అసలు అక్కర. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2015 మార్చిలో పామ్ తుఫాను పోర్ట్ విలాని, ఎఫాటే దీవిని ఊపేసింది. ఇలాంటి తీరాల్లో నోటు పుస్తకం, హార్డ్ డిస్క్ ఒకే ఇంట్లో ఉంటే రెండూ ఒకే రాత్రి తడుస్తాయి. నఫ్సాన్ రికార్డుల ప్రతులు సముద్రానికి అవతల ఇంకో దేశంలో ఉన్నాయి. మనవి కనీసం మూడు ప్రతులు ఉండాలి. రెండు వేర్వేరు డిస్కుల మీద, మూడోది తీరానికి దూరంగా ఇంకో ఊళ్ళో.

దూరాన దాచేస్తే ఊరివాళ్ళు ఎలా వినాలన్న ప్రశ్నకి ఈ సంస్థ వాళ్ళు ఇచ్చిన జవాబు మాకు అన్నిటికన్నా నచ్చింది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్లో ఆ ఊరి రికార్డులు ఎక్కించి, దాన్ని వైఫై కేంద్రంగా పెడతారు. ఇంటర్నెట్ అక్కర్లేదు. దగ్గరికి వచ్చినవాళ్ళు ఫోను కలిపి, బ్రౌజర్లో తమ పెద్దల గొంతు వినొచ్చు, దించుకోవచ్చు. మన రామమందిరం అరుగు మీదో, జెట్టీ దగ్గర టీకొట్లోనో పెట్టుకోదగ్గ వస్తువు. 32 జీబీ కార్డులో సిస్టం పోగా 128 కేబీపీఎస్ ఎంపీ3లు 400 గంటలు పడతాయి. చెడేది రెండు చోట్ల. కరెంటు హఠాత్తుగా పోతే కార్డు మీద రాత చెదిరి మళ్ళీ లేవదు, కాబట్టి పవర్ బ్యాంక్ మీద నడపండి, కార్డుకి ఇంకో నకలు చేసి పక్కన పెట్టండి. రెండోది ఫోను వైపు నుంచి. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని కనిపెట్టి ఆండ్రాయిడ్ ఫోను తనంతట తానే మొబైల్ డేటాకి మారిపోతుంది, పేజీ తెరుచుకోదు. పెట్టె చెడిపోయిందనుకుంటారు. మొబైల్ డేటా ఆపేసి కలపమని పెట్టె మీద తెలుగులో, ఒడియాలో కాగితం అంటించండి.

లోటుపాట్లు కూడా చెప్పాలి. ఇంగ్లీషు రాని వాడబలిజ పెద్దకి ఈ కాటలాగ్ మధ్యవర్తి లేకుండా ఉపయోగపడదు. చాలా అంశాలకి వివరణ ఒకటి రెండు లైన్లే, రాతప్రతి లేనివీ ఎన్నో. నఫ్సాన్ లాంటి పూర్తి సంకలనాన్ని చూసి మిగతావన్నీ అలాగే ఉంటాయనుకుంటే నిరాశ తప్పదు. కొన్ని అంశాలు మూసి ఉంటాయి, ఇచ్చినవారి అనుమతి లేకుండా వినలేం. దీన్ని మేం లోపంగా చూడం. జాతర పాటలు, అమ్మవారి సేవలో పాడేవి, చనిపోయినవారి గొంతులు అందరికీ తెరిచి పెట్టాలా వద్దా అనేది ఆ ఇంటివాళ్ళు, ఆ ఊరివాళ్ళు చెప్పాల్సిన మాట. వనువాటులో ఈ పట్టింపు గట్టిగా ఉంది. బయటి పరిశోధకులు అక్కడి సాంస్కృతిక కేంద్రంతో ఒప్పందం చేసుకున్నాకే పని మొదలుపెట్టాలి, స్థానికులే స్వచ్ఛందంగా తమ దీవుల మాటలు, ఆచారాలు నమోదు చేస్తారు. పని తీరుకి ఐదుకి ఐదు ఇస్తాం, తెలుగువాడు కొత్తగా వాడటానికి ఉన్న సులువుకి మూడే.

మన రికార్డులు అక్కడే దాచమని అడగొచ్చా అంటే, ఆ సంస్థ ప్రధానంగా చూసేది పసిఫిక్ వైపు. ఏమీ పంపకుండా ముందు మెయిల్ రాయండి. మొత్తం ఎన్ని గంటలు, ఏ ఫార్మాట్, ఏ ఊళ్ళు, పట్టిక సిద్ధంగా ఉందా, చెప్పినవారి ఒప్పుకోలు ఎలా తీసుకున్నారు అనేవి అందులో ఉండాలి. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్రగా కన్నా రికార్డు మొదట్లోనే వాళ్ళ గొంతుతో ఉండటం మేలు: పేరు, ఊరు, తేదీ, ఇది ఎవరు వినొచ్చు, పేరు చెప్పొచ్చా వద్దా. తర్వాత మనసు మారితే ఎవరికి చెప్పాలో కూడా ఆ ముక్కలోనే చెప్పేయండి.